ఉచ్చారణ శిక్ష

యర్రగొండపాలెం అనే ఊరి పేరును ఒకసారి నెమ్మదిగా పైకి పలికి చూడండి. "ర్ర" అన్నచోట నాలుక కొన పైపళ్ళ వెనుకనున్న చిగుళ్ళను తాకి, వదలి, మరల తాకి, రెండు మూడుసార్లు కొట్టుకోవడం తెలుస్తుంది. మాట నేర్చిన పెద్దవారికి ఇది ఒక పని అని కూడా తోచదు. కాని ఆ ఊరి పరిసరాలలో పుట్టి పెరిగి, ఆ ఊరి పేరునే పలుకలేకపోయిన పిల్లవానిని నేను చూచినాను.

నాలుగేండ్ల క్రిందట ఆ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన జరిగినది. బహుమతులు నిర్ణయించడానికి నన్ను కూడా పిలిచినారు. ఆరవ తరగతి బాలుడొకడు అడుగు కోసిన సీసాలో రెండు బుడగలు కట్టి, అడుగున రబ్బరు పొర బిగించి, మనిషి ఊపిరితిత్తులు పనిచేసే విధానాన్ని చూపించినాడు. నమూనా చక్కగా ఉన్నది. కాని దానిని వివరించినవాడు వేరొక బాలుడు. తయారుచేసిన వానిని అడిగితే తల వంచుకొన్నాడు. "వాడికి నోరు తిరగదు సార్. రలన్నీ లలే. చెప్పి చెప్పి విసిగినాము, రెండు దెబ్బలు వేసినా లాభం లేకపోయింది" అన్నారు ఉపాధ్యాయులు. ప్రక్కనున్న పిల్లలు "మీ ఊరి పేరు చెప్పరా" అని వానిని పొడిచి నవ్వినారు. వాడు "యల్లగొండపాలెం" అన్నాడు. తరువాత ఎవరూ లేనప్పుడు వరండాలో నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ వాడు సరిగా జవాబు చెప్పినాడు. ఊపిరి ఎట్లా లోపలికి పోతుందో, రబ్బరు పొర దేనికి గుర్తో, అన్నీ వానికి తెలుసు. తరగతిలో మాత్రం వాడు ఏమీ తెలియనివాడుగా చెలామణి అవుతున్నాడు.

ఈనాడు మనం శిక్ష అంటే దండన అనే అనుకొంటున్నాము. పూర్వం ఆ మాటకు అర్థం వేరు. ఆరు వేదాంగాలలో ఒకటైన శిక్ష, వర్ణాలను ఎట్లా పలుకవలెనో చెప్పే శాస్త్రం. అదే మాట తరువాత బోధన అనే అర్థంలో వాడుకకు వచ్చినది. పెద్దబాలశిక్షలో ఉన్నది ఆ అర్థమే. చివరకు అది బెత్తానికి పేరైనది. ధ్వనిశాస్త్రం దెబ్బగా మారిన ఈ మార్పు నిఘంటువులో మాత్రమే జరిగినదా, మన తరగతి గదులలో కూడా జరిగినదా అని ఆలోచించవలసి ఉన్నది. పిల్లలకు కష్టమైన ధ్వనులు నేర్పే విషయంలో మనవారికీ, ఇతర దేశాలవారికీ కలిగిన అనుభవం చాలా పాతది. దానిని తెలుసుకొంటే బెత్తం అవసరం లేదని తెలుస్తుంది.

ప్రాచీనుల పరిశీలన

వేదాన్ని వ్రాతలో కాక నోటిలోనే నిలుపుకొనవలసి రావడం చేత మన పూర్వులు నోటిని చాలా శ్రద్ధగా పరిశీలించినారు. ప్రాతిశాఖ్యలు, శిక్షాగ్రంథాలు అట్లా పుట్టినవే. ఆంధ్రదేశంలో ఎక్కువ వ్యాప్తి గల కృష్ణయజుర్వేదానికి తైత్తిరీయ ప్రాతిశాఖ్య కలదు. ఏ ధ్వనినైనా వారు మూడు ప్రశ్నలతో విడదీసి చూచినారు. నోటిలో ఎక్కడ పుడుతున్నది? ఏ అవయవం కదలి పుట్టిస్తున్నది? ఎంత ప్రయత్నంతో పుట్టిస్తున్నది? వీటికే స్థానము, కరణము, ప్రయత్నము అని పేర్లు. పాణినీయ శిక్షలో ధ్వనులకు ఎనిమిది స్థానాలు చెప్పబడినవి: రొమ్ము, కంఠము, శిరస్సు, నాలుక మొదలు, దంతాలు, ముక్కు, పెదవులు, అంగిలి.

మన అక్షరమాల అమరిక ఈ పరిశీలన ఫలితమే. క, చ, ట, త, ప అనే అయిదు వర్గాలను వరుసగా పలికితే నోటి వెనుకభాగం నుండి పెదవుల దాకా ప్రయాణం చేసినట్లవుతుంది. ప్రతి వరుసలోనూ మొదట ఊపిరితో మాత్రమే పలికేది, తరువాత అదే ఊపిరి ఒత్తితో, తరువాత నాదంతో, తరువాత నాదమూ ఒత్తీ కలిపి, చివరకు ముక్కుతో. రసాయనశాస్త్రంలో మూలకాల ఆవర్తన పట్టిక ఎట్లాంటిదో ధ్వనులకు ఈ పట్టిక అట్లాంటిది. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఇట్లాంటి కారణమేదీ కనిపించదు.

ఇందులో నాదం సంగతి మరింత గొప్పది. కంఠం తెరచి ఉన్నప్పుడు వట్టి శ్వాస, మూసుకొన్నప్పుడు నాదం పుడతాయని తైత్తిరీయ ప్రాతిశాఖ్య చెప్పినది. ప, బ ధ్వనుల భేదం ఇదే. రెండింటికీ పెదవుల పని ఒక్కటే. కంఠంలోని నాదతంత్రులు అదరడమే తేడా. మాన్యుయెల్ గార్సియా అనే సంగీతాచార్యుడు దంతవైద్యుల చిన్న అద్దాన్ని సూర్యకాంతికి పట్టి తన నాదతంత్రుల కదలికను తానే చూచి, 1855లో లండను రాయల్ సొసైటీకి నివేదించినాడు. మనవారు ఏ అద్దమూ లేక, చెవితోను, స్పర్శతోను ఆ సంగతి గ్రహించినారు. 19వ శతాబ్దంలో సంస్కృత గ్రంథాలు ఐరోపాకు చేరిన తరువాతనే అక్కడి ధ్వనిశాస్త్రం ఈ దారి పట్టినది. భారతీయ వైయాకరణులు లేకపోతే తమ దేశపు 19వ శతాబ్ది ధ్వనిశాస్త్రాన్ని ఊహించడమే కష్టమని ఫర్త్ అనే ఆంగ్ల విద్వాంసుడు 1946లో వ్రాసినాడు. డబ్ల్యు. ఎస్. ఆలెన్ 1953లో ఈ విషయం మీద ఒక గ్రంథమే ప్రచురించినాడు.

ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన ఉపమానం ఒకటి పాణినీయ శిక్షలో ఉన్నది. ఆడపులి తన పిల్లలను పళ్ళతో పట్టుకొని పోయేటప్పుడు అవి జారిపడకుండా, వాటికి గాయం కాకుండా ఎంత జాగ్రత్తగా పట్టుకొంటుందో, వర్ణాలను అంత జాగ్రత్తగా పలుకవలెనని దాని భావం. వర్ణాల గురించి చెప్పిన ఈ మాట, వర్ణాలు నేర్చుకొనే పిల్లలకు కూడా వర్తిస్తుంది.

తెలుగు ధ్వనులలో వచ్చిన మార్పులు

మన తరగతులలో "తప్పు" అనిపించుకొనే ఉచ్చారణలన్నీ ఒక రకమైనవి కావు. దీనికి యర్రగొండపాలెం పేరే మంచి నిదర్శనం. "యర్ర" అనేది "ఎఱ్ఱ" అనే మాటకు రూపాంతరం. మాట మొదట వచ్చే ఎకారాన్ని తెలుగువారు యకారం చేర్చి పలుకుతారు. ఆ పలుకుబడి ఊరి పేరు వ్రాతలోకి కూడా వచ్చినది. ఇక బండి ర అని మనం పిలిచే ఱ, ఒకప్పుడు సాధు రేఫకంటె వేరైన ధ్వని. ఊరు, పేరు, నీరు అనే మాటలలో సాధు రేఫ. ఆఱు, నూఱు, ఏఱు అనే మాటలలో ఱ. మలయాళంలో ఈ భేదం నేటికీ నోట నిలిచి ఉన్నది. తెలుగులో అది క్రమంగా నోటి నుండి పోయి వ్రాతలో మిగిలినది. ఇప్పుడు వ్రాతలో కూడా అరుదైనది. కవిత్రయంలో ఒకడైన ఎఱ్ఱన పేరులో ఉన్నది ఆ అక్షరమే. ఏ మాటకు ఏ రేఫో చెవితో తెలుసుకొనడం సాధ్యం కానప్పుడు పండితులు పట్టికలు వ్రాసి పెట్టవలసి వచ్చినది.

ఇంతకంటె ముందే పోయిన ధ్వని ఇంకొకటి ఉన్నది. రేనాటి చోళుల నాటి తొలి తెలుగు శాసనాలలో ఴ అనే అక్షరం కనిపిస్తుంది. తమిళులు నేటికీ ఏఴు, కోఴి అని పలికే మాటలను మనం ఏడు, కోడి అంటున్నాము. మన పూర్వుల నాలుకకు కూడా కొన్ని ధ్వనులు కష్టమైనవి. వారిని ఎవరూ దండించలేదు, భాషయే సర్దుకొన్నది.

చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పినారు. ఖ, ఘ, భ వంటి ఒత్తక్షరాలు అచ్చ తెలుగు మాటలలో లేవు. అవి సంస్కృతం నుండి వచ్చిన మాటలతో వచ్చినవి. అందుచేత పల్లెటూరి పిల్లవాడు భూమిని "బూమి" అన్నా, శనివారాన్ని "సనివారం" అన్నా అది నోటి లోపం కాదు. అది వాని ఇంటి తెలుగు. దానికి మారుగా, అచ్చ తెలుగులో ఉన్న ధ్వనులు కొన్నింటికి మన వ్రాతలో ప్రత్యేకమైన అక్షరం వాడుకలో లేదు. "చలి" లోని చకారం పళ్ళ దగ్గర పుడుతుంది, "చెవి" లోని చకారం అంగిలి దగ్గర పుడుతుంది. ఏ అచ్చులతో కలిసినప్పుడు చ, జలు దంత్యాలవుతాయో, ఎప్పుడు తాలవ్యాలవుతాయో చిన్నయసూరి సూత్రీకరించినారు. సి. పి. బ్రౌన్ నిఘంటువు చూచినవారికి దంత్యాలకు పైన గుర్తు పెట్టిన ౘ, ౙ పరిచయమే. పరభాషవారు ఈ భేదం తెలియక చిక్కుపడతారు. తెలుగు పిల్లవాడు మాత్రం ఎవరూ చెప్పకుండానే, ఏ గుర్తూ లేకుండానే, మూడు నాలుగేండ్లకు వాటిని సరిగా పలుకుతాడు. చెవి చేసే బోధన ఎంత బలమైనదో దీనివలన తెలుస్తుంది.

ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు మాండలికాల పరిశీలనకు దారి తీసినారు. వారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించినది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి; అంతకు ముందు, 1858 వరకు మార్కాపురం, కంభం తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. ఇటు సీమ పలుకుబడి, అటు కోస్తా పలుకుబడి, నల్లమలలో చెంచుల తెలుగు ఇక్కడ కలుస్తాయి. ఇట్లాంటి చోట ఉపాధ్యాయుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ పిల్లవాడు ఇంటివారందరివలెనే పలుకుతున్నాడా, లేక ఇంటివారు కూడా పలికే ధ్వనిని వీడొక్కడే పలుకలేకపోతున్నాడా? మొదటిది మాండలికం. గ్రాంథికోచ్చారణ దానికి తోడుగా నేర్పవచ్చును గాని దానిని ఎగతాళి చేయరాదు. రెండవది సహాయం కావలసిన విషయం.

ఇసుక నుండి పలకకు

వీధిబడులలో ఉచ్చారణ ఎట్లా నేర్పేవారు? బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో తన జిల్లాలోని 533 బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక వ్రాసినాడు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరం దిద్దుతూ దానినే పైకి పలికేవారు. ముందు తరగతివారు వెనుకవారికి నేర్పేవారు. ఈ పద్ధతిని అతడు మెచ్చుకొన్నాడు. కాని అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేయించడం లోపమని కూడా వ్రాసినాడు. ఆ బడిలో కన్ను, చేయి, చెవి, నోరు ఒకేసారి పనిచేసేవి. అది దాని మేలు. నోరు తిరగని పిల్లవానికి మాత్రం ఆ బడి ఇచ్చినది కోదండం, బెత్తం.

తరువాత కాలంలో ఇసుక పోయి పలక వచ్చినది. మార్కాపురం పలకరాతి గనులు ఈ చరిత్రలో పెద్ద భాగం పంచుకొన్నవి. ఇక్కడ తయారైన పలకలు, బలపాలు దేశంలో ఎన్నో రాష్ట్రాల పిల్లల చేతికి చేరినవి. ఎన్ని భాషల అక్షరాలు ఈ రాతిమీద దిద్దబడినవో లెక్క లేదు. కాని పలక కంటికి అక్షరాన్ని చూపుతుంది గాని, నాలుక ఎక్కడ పెట్టవలెనో చూపదు. వ్రాతకు ప్రాధాన్యం పెరిగిన కొద్దీ, పరీక్షలు కాగితం మీదికి మారిన కొద్దీ, శిక్షాగ్రంథాలలో ఉన్న నోటి జ్ఞానం బడి నుండి జారిపోయినది. అక్షరమాలను వల్లించే పిల్లలకు ఆ వరుస తమ నోటి పటమే అని చెప్పేవారు లేకపోయినారు.

చెవి పోయిన ధ్వనిశాస్త్రజ్ఞుడు

ఈ లోపాన్ని గట్టిగా గుర్తించిన తెలుగు ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తిగారు. వారు 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. వాడుకభాషా ఉద్యమ నాయకులుగా వారిని అందరూ ఎరుగుదురు. వారి ధ్వనిశాస్త్ర కృషిని ఎరిగినవారు తక్కువ.

పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుతో సంబంధం లేని ముండా కుటుంబానికి చెందినది. ఉన్నట్టుండి గొంతు బిగబట్టి ఊపిరిని ఆపే ధ్వని ఒకటి అందులో కలదు. మన అక్షరమాలలో దానికి చోటు లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని రామమూర్తిగారు ఆ భాష నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టి నేర్పినారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ ధనాన్ని సవరల బడికి వెచ్చించండి అన్నారు. మన్యపు జ్వరాలు వారిని పీడించినవి. జ్వరానికి వాడిన క్వినైను వల్ల వారి చెవులు దెబ్బతిన్నవి. ధ్వనులను పట్టుకొనడమే పనిగా పెట్టుకొన్నవాడు వినికిడి కోల్పోయినాడు. అయినా పని మానలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చైనవి. 1940లో ఆయన కన్నుమూసినారు.

ఆయన జీవితం నుండి మనం నేర్చుకోవలసినది ఒకటి ఉన్నది. సవర పిల్లలను తెలుగు ధ్వనులు పలుకలేదని ఆయన నిందించలేదు. ముందు వారి ధ్వనులను తన నోట పలుకడం నేర్చుకొన్నారు. కష్టమైన ధ్వని నేర్చుకొనడమంటే ఏమిటో స్వయంగా అనుభవించిన గురువు పిల్లలను కొట్టడు.

పాశ్చాత్య దేశాలలో

సుమారు ఆ కాలంలోనే పాశ్చాత్యులు నోటి లోపలి పనిని కంటికి చూపే సాధనాలు వెదకినారు. అలెగ్జాండర్ మెల్విల్ బెల్ 1867లో "దృశ్యవాక్కు" అనే లిపిని ప్రచురించినాడు. అందులో ప్రతి గుర్తూ నాలుక, పెదవులు, కంఠం ఏ స్థితిలో ఉండవలెనో చూపే బొమ్మ వంటిది. సభలలో ఆయన తన కుమారుని బయటకు పంపి, శ్రోతలు చేసిన వింత శబ్దాలను ఈ లిపిలో వ్రాసేవాడు. కుమారుడు లోనికి వచ్చి, వ్రాతను చూచి ఆ శబ్దాలనే చేసేవాడు. ఆ కుమారులలో ఒకడు గ్రాహంబెల్. అతడు 1871లో అమెరికాలోని బోస్టను నగరంలో చెవిటి పిల్లల ఉపాధ్యాయులకు ఈ పద్ధతి నేర్పినాడు. 1876 నాటి టెలిఫోను వెనుక ఈ అనుభవం కూడా ఉన్నది.

ఇంచుమించు ఆ కాలంలోనే ఓక్లీ కోల్స్ అనే లండను దంతవైద్యుడు పిండి, జిగురు కలిపి అంగిలికి పూసి, ఒక ధ్వని పలికించి, నాలుక ఎక్కడ తాకి పూతను చెరిపినదో చూచే ఉపాయం కనిపెట్టినాడు. 1886లో పారిస్‌లో అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం పుట్టినది. దానిని స్థాపించినవారు పాల్ పాసీ, ఆయన తోడి భాషోపాధ్యాయులు. నేడు ప్రపంచమంతా వాడే ధ్వనిలిపి అట్లా బడిపంతుళ్ళ అవసరం నుండి పుట్టినదే. 1939లో అమెరికాలో చార్లెస్ వాన్ రైపర్ ఉచ్చారణ దిద్దడం మీద గ్రంథం వ్రాసినాడు. ఆయన స్వయంగా నత్తి గలవాడు. ముందు చెవికి భేదం తెలియవలెను, తరువాత ధ్వనిని ఒంటరిగా, పిమ్మట అక్షరంలో, పదంలో, వాక్యంలో పలికించవలెనని ఆయన ఏర్పరచిన క్రమం నేటికీ అనుసరణీయమే.

తెలుగు కూడా ఈ పరిశోధనలో చోటు చేసుకొన్నది. జార్జి కొస్టిచ్ అనే యుగోస్లావియా ధ్వనిశాస్త్రజ్ఞుడు, ఆలోకనంద మిత్తర్, భద్రిరాజు కృష్ణమూర్తిగారు కలిసి వ్రాసిన తెలుగు ధ్వనిశాస్త్ర సంగ్రహాన్ని 1977లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ ప్రచురించినది. 1983లో పీటర్ లేడిఫోగెడ్, పేరి భాస్కరరావుగారు ఎక్స్‌రే చిత్రాలతో ఒక ముఖ్యమైన సంగతి నిరూపించినారు. ట, డ వంటి మూర్ధన్యాలను హిందీవారు నాలుక కొనతో పలుకుతారు. తెలుగువారు, తమిళులు నాలుకను ఇంకా వెనుకకు మడిచి, దాని అడుగుభాగాన్ని అంగిలికి ఆనించి పలుకుతారు. కాబట్టి ళ రాని పిల్లవానికి "నాలుక పైకి పెట్టు" అంటే చాలదు, "కొనను వెనుకకు మడువు" అనవలెను.

తరగతి గదిలో

ఈ జ్ఞానాన్ని బడిలో వాడుకొనడానికి యంత్రాలు అవసరం లేదు. ఒక చిన్న అద్దం, ఒక కాగితపు ముక్క, మన చేయి చాలును.

నాదానికి: అరచేతిని కంఠం మీద ఆనించి "స్‌స్‌" అని, తరువాత "మ్‌మ్‌" అని పలుకండి. మొదటిదానికి అదురు లేదు, రెండవదానికి ఉన్నది. ముక్కు పనికి: మకారం పలికేటప్పుడు చల్లని అద్దాన్ని ముక్కు క్రింద పెడితే ఆవిరి కడుతుంది. జలుబు చేసినవాడు "మామ"ను "బాబ" అనడానికి కారణం ఇదే. ఒత్తులకు: సన్నని కాగితపు ముక్కను పెదవుల ముందు వ్రేలాడదీసి "పలము", "ఫలము" అని పలికితే రెండవదానికి అది ఎక్కువగా ఎగురుతుంది. ఇంటిలో వినని ధ్వనిని పిల్లవాడు ఇట్లా కంటితో చూచి నేర్చుకొంటాడు.

ర్రకారం అన్నిటికంటె కష్టం. దానికి కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది. ఇందులో నాలుక సెకనుకు సుమారు 25 నుండి 30 సార్లు కొట్టుకొనే వేగంతో అదురుతుంది. అంత వేగంగా కండరం ఒక్కొక్క దెబ్బను విడివిడిగా కొట్టలేదు. నాలుక కొనను సడలించి చిగుళ్ళ దగ్గర నిలిపితే, ఊపిరి గాలి దానిని నెట్టుతుంది. నాలుక బిగువు, సందులో గాలి వేగానికి తగ్గే పీడనం దానిని మరల దగ్గరకు లాగుతాయి. గాలికి తాటాకు కొట్టుకొన్నట్లే నాలుక కూడా కొట్టుకొంటుంది. కనుక "గట్టిగా పలుకు" అని గద్దించడం వ్యతిరేక ఫలితాన్నే ఇస్తుంది. భయపడిన పిల్లవాని నాలుక బిగుస్తుంది. బిగిసిన నాలుక అదరదు. దెబ్బతో ర్రకారం రాదనడానికి ఇంతకంటె వేరే కారణం అక్కరలేదు.

ముందు చెవిని పరీక్షించవలెను. వేరు–వేలు, కారు–కాలు, రేపు–లేపు అని మనం పలికి, ఏది అన్నామో పిల్లవానిని బొమ్మ చూపమనవలెను. భేదం వినగలిగితే, "ద" కంటె కొంచెం వెనుక, "డ" కంటె కొంచెం ముందు, చిగుళ్ళ గట్టు మీద నాలుక కొనను తేలికగా, వేగంగా తాకించడం నేర్పవలెను. అదే ఒంటి రకారం. రెండు అచ్చుల నడుమ అది ముందుగా వస్తుంది. "ర్ర" తరువాత వస్తుంది. రోజుకు అయిదు నిమిషాలు, నలుగురిలో కాక ఒంటరిగా, అద్దం ముందు చేయించవలెను. అయిదేండ్ల లోపు పిల్లలు రకారాన్ని లకారంగా, కోతిని "తోతి"గా పలుకడం సాధారణంగా పెరుగుదలలో భాగమే. నాలుగేండ్లు నిండినా బయటివారికి మాట అర్థం కాకపోతే, లేక బడికి వచ్చి కొన్నేండ్లైనా మారకపోతే నిపుణులకు చూపవలెను.

అన్నిటికంటె ముందు వినికిడి పరీక్ష చేయించాలి. సకారపు శక్తిలో ఎక్కువ భాగం సెకనుకు 4,000 కంపనాలకు పైన ఉంటుంది. పై కంపనాలు వినిపించని పిల్లవాడు మాటలు విని జవాబు చెప్పగలడు గాని సకారాన్ని వినలేడు, కనుక పలుకలేడు. చెవిలో చీము కారే పిల్లలు మన పల్లెలలో తక్కువ కాదు. వారిని మందబుద్ధులని వెనుక బల్లకు పంపితే, వినబడేది ఇంకా తగ్గిపోతుంది.

కొన్ని అపోహలు కూడా తొలగవలెను. మాటలు రావడానికి పసిపిల్లల నాలుకకు వసకొమ్ము రాయడం మనలో ఆచారం. వాగుడుకాయను వసపిట్ట అనడం అందుచేతనే. వస ఉచ్చారణ నేర్పదు. పైగా దానిలోని అసరోన్ అనే పదార్థం మంచిది కాదు. నాలుక క్రింది తీగను కోయిస్తే అన్ని ధ్వనులూ వస్తాయనుకొనడం కూడా పొరపాటు; నాలుక కొన పైపళ్ళను అందుకోగలిగితే లోపం సాధారణంగా తీగలో లేదు. గ్రహణపు మొర్రి గ్రహణం వల్ల రాదు. అది గర్భంలో పెదవి, అంగిలి పూర్తిగా కలియకపోవడం. శస్త్రచికిత్సతో దానిని సరిచేసి, తరువాత ఉచ్చారణ నేర్పవచ్చును.

ఈ పనికి మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడినది. బొంబాయిలో 1983లో నెలకొన్న అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం కలదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యబృందాలు బడులకు వచ్చి వినికిడి, మొర్రి వంటి లోపాలను గుర్తిస్తాయి. వారు వచ్చిన రోజున ఏ పిల్లవానిని ముందుకు పంపవలెనో చెప్పగలవాడు ఉపాధ్యాయుడే. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలను నిషేధించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాక్కు, భాషలకు సంబంధించిన వైకల్యాన్ని కూడా తన జాబితాలో చేర్చినది. చట్టం దెబ్బను ఆపవచ్చును గాని నవ్వును ఆపలేదు. ఆ పని గురువుది.

ఆ బాలుని సంగతి చెప్పి ముగిస్తాను. ఆనాడు వరండాలో నేను వానికి వాడు చేసిన నమూనాతోనే ఊపిరి ఎట్లా వస్తుందో చూపి, నాలుకను సడలించి గాలికి వదలమన్నాను. ఆనాడు ఏమీ రాలేదు. తరువాత ఆ ఉపాధ్యాయులే శ్రద్ధ తీసుకొని, మధ్యాహ్న విరామంలో ఒక అద్దం పెట్టి, కొన్ని నెలలు వానితో అభ్యాసం చేయించినారు. ఒంటి రకారం వచ్చిందనీ, "ర్ర" ఇంకా అప్పుడప్పుడు జారుతుందనీ ఫోనులో చెప్పినారు. "కాని ఇప్పుడు పాఠం చదవమంటే లేచి చదువుతున్నాడు సార్" అన్నారు. ఊరి పేరు ఇంకా సగమే పలుకుతున్నా, వాడు తరగతిలో నోరు తెరిచినాడు. శిక్ష అనే మాటకు మన పూర్వులు పెట్టుకొన్న అర్థం ఇదే.